పాత పింగాణీ కప్పుల్ని గుడ్డ మీదికి తేవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. అమ్మమ్మగారి ఇంటి నుంచి నాలుగు పూల కప్పులు, ఒక ఊరగాయ జాడి, నీలం అంచు ఉన్న ఎనామిల్ పళ్ళెం తెచ్చుకున్నారు. మగ్గం వర్క్ వచ్చు కాబట్టి వాటిని గుడ్డ మీద కుట్టి ఫ్రేము కట్టించాలనుకున్నారు. కప్పు మీద ఉన్న గులాబీలను ట్రేసింగ్ పేపరుతో ఎత్తి, తెల్ల కాటన్ మీద శాటిన్ కుట్టుతో కుట్టారు. పని శుభ్రంగా వచ్చింది. కానీ చూసినవాళ్ళంతా "దిండు గలీబు బాగుంది" అంటున్నారు, కప్పు అని ఎవరికీ తోచడం లేదు. ఎక్కడ తేడా వచ్చింది అని అడిగారు.

సూటిగా చెప్తాను. మీ కుట్టులో లోపం లేదు, మీరు ఎంచుకున్నదే వేరు. కప్పు మీద నుంచి పువ్వును ఊడదీస్తే అది మళ్ళీ మామూలు పువ్వే అవుతుంది. ముందు కప్పును కుట్టండి: దాని ఆకారం, దాని మెరుపు, అది తయారైన తీరు, అది అరిగిన తీరు. పువ్వు సంగతి ఆ తర్వాత. నేను ఇంగ్లండ్‌లో ఉంటాను. ఇక్కడి చారిటీ షాపుల్లో (జనం దానంగా ఇచ్చిన పాత వస్తువులు అమ్మే దుకాణాలు), ఆదివారం సంతల్లో దొరికే పాత ఇంటి సామాను చూసి గుడ్డ మీద పని చేయడమే చాలా ఏళ్ళుగా నా వృత్తి. నా దగ్గర నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది మీలాగే పువ్వుతోనే మొదలుపెడతారు, ఎందుకంటే కంటికి ముందు కనబడేది అదే.

తయారైన తీరు అంటే ఏమిటో ఒక ఉదాహరణతో చెప్తే తేలిక. విల్లో ప్యాటర్న్ పళ్ళెం మీరు చూసే ఉంటారు. తెల్లటి పళ్ళెం మీద నీలం రంగులో ఒక చెట్టు, వంతెన మీద ముగ్గురు మనుషులు, ఒక పడవ, పైన రెండు పక్షులు. చూడటానికి చైనాదిలా ఉంటుంది కానీ 1790 ప్రాంతంలో ఇంగ్లండ్ కుమ్మరి కంపెనీలు చైనా పింగాణీని చూసి అల్లిన డిజైన్ అది. ఆ రెండు పక్షులు ఒకప్పటి ప్రేమికులే అన్న కథ కూడా ఆ తర్వాత ఇంగ్లండ్‌లోనే పుట్టింది. ఆ బొమ్మను ఎవరూ కుంచెతో గీయలేదు. రాగి రేకు మీద గీతలు, చుక్కలు చెక్కి, అందులో రంగు నింపి, పల్చటి టిష్యూ కాగితం మీద అచ్చు తీసి, ఆ కాగితాన్ని కత్తెరతో ముక్కలు చేసి పళ్ళెం మీద అతికించేవారు. గట్టి బ్రష్షుతో బాగా రుద్ది, కాగితాన్ని నీళ్ళతో కడిగేస్తే రంగు పళ్ళేనికి పట్టి ఉండేది. దాని మీద గ్లేజు, అంటే కాలితే గాజులా మెరిసే పూత, పూసి కాల్చేవారు. ఇంగ్లండ్‌లో పింగాణీకి పేరుపడ్డ స్టోక్-ఆన్-ట్రెంట్‌లోని మిడిల్‌పోర్ట్ పాటరీలో బర్లీ కంపెనీ ఇప్పటికీ ఇదే పద్ధతిలో పని చేస్తోంది. అక్కడ ఆడవాళ్ళు తడి టిష్యూను టీపాట్ కొమ్ము చుట్టూ ముడత పడకుండా సర్దుతుంటే ఎంతసేపైనా చూడాలనిపిస్తుంది.

ఇప్పుడు అలాంటి పాత పళ్ళేన్ని దగ్గరగా పట్టుకుని అంచు వెంట చూడండి. అంచు డిజైన్ ఒక పొడవాటి కాగితపు ముక్కగా అతికిస్తారు కాబట్టి ఎక్కడో ఒకచోట రెండు కొసలు కలవాలి. ఆ కలిసే చోట డిజైన్ తప్పుతుంది. సగం పువ్వు పక్కన ఇంకో సగం పువ్వు వచ్చి ఆగిపోతుంది, లేదా ఒక గళ్ళ గీత రెండు గీతలుగా కనబడుతుంది. ఒక్కోచోట కాగితం ముడతపడి సన్నటి తెల్ల గీత మిగులుతుంది. ఆ పళ్ళెం మీద నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే. నేను విల్లో పళ్ళెం కుట్టినప్పుడల్లా ఆ అతుకును తప్పకుండా కుడతాను, సరిచేయను. చూసేవాళ్ళకు టిష్యూ అచ్చు గురించి తెలియకపోయినా "ఇది నిజమైన పళ్ళెం" అన్న నమ్మకం అక్కడే కలుగుతుంది.

ఆ రాగి రేకు ఇంకో విషయం కూడా నేర్పుతుంది. పళ్ళెం మీద లేత నీలం, ముదురు నీలం అని కనబడుతుంది కానీ వాడిన రంగు ఒక్కటే. లోతుగా, దగ్గర దగ్గరగా చెక్కిన చోట ముదురుగా, చుక్కలు దూరంగా ఉన్నచోట లేతగా వస్తుంది. కాబట్టి ఐదు రకాల నీలం దారాలు కొనకండి. ఒక్క నీలం చాలు. ముదురు కావాల్సిన చోట కుట్లు దగ్గరగా వేయండి, లేత కావాల్సిన చోట చిన్న చిన్న చుక్క కుట్లు ఎడంగా వేయండి. ఆరు పోగుల దారం నుంచి ఒక్క పోగే తీసి వాడండి. ఐదు షేడ్లతో నింపితే రంగుల పుస్తకంలో బొమ్మ అవుతుంది, ఒక్క పోగుతో కుడితే అచ్చు అవుతుంది. నిజమైన నీలిమందు అద్దిన దారం వాడేటట్లయితే మాత్రం ముందు తడి తెల్లగుడ్డతో రుద్ది చూడండి. సరిగ్గా ఉతకని నీలి దారం కింది తెల్లగుడ్డను మురికి చేస్తుంది, ఆ మరక వదలదు.

ఇక మీ పూల కప్పుల సంగతి. ఫొటోలో చూస్తే కప్పు ఒళ్ళంతా, కాస్త కూడా ఖాళీ లేకుండా చిన్న చిన్న పూలు ఉన్నాయి. ఈ రకాన్ని ఇక్కడ చింట్జ్ వేర్ అంటారు. మీ కప్పులు ఎక్కడ తయారయ్యాయో ఫొటో చూసి చెప్పలేను, అడుగున ముద్ర ఉందేమో చూడండి. 1920ల నుంచి 1950ల దాకా రాయల్ వింటన్, జేమ్స్ కెంట్ లాంటి కంపెనీలు వీటిని విపరీతంగా తయారుచేశాయి, ఇవాళ సేకరించేవాళ్ళు వెతికి వెతికి కొంటారు. దీనికీ మన తీరానికీ ఉన్న సంబంధం చెప్పకుండా ఉండలేను. చింట్జ్ అంటే మొదట గుడ్డే. పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల్లో మచిలీపట్నం చుట్టుపక్కల, కోరమండల్ తీరమంతటా రంగులద్దిన పూల నూలుగుడ్డలు ఓడలెక్కి యూరప్ వెళ్ళాయి. డచ్చివాళ్ళు 1605లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో మచిలీపట్నంలో వర్తక స్థావరాలు పెట్టడానికి ముఖ్య కారణం ఈ గుడ్డలే. ఉతికినా రంగు పోని ఆ గుడ్డలకు అక్కడి జనం ఎంతగా అలవాటుపడ్డారంటే, తమ నేతగాళ్ళ పొట్ట కొడుతున్నాయని ఫ్రాన్స్ 1686లోనే వాటిని నిషేధించింది. ఇంగ్లండ్ 1700లో దిగుమతి మీద చట్టం చేసింది, చాలక 1721లో ఇంకా గట్టి చట్టం తెచ్చింది. అయినా ఆ పూల మోజు పోలేదు. ఆ మోజే తర్వాతి కాలంలో టీ కప్పుల మీదికి కూడా ఎక్కింది. అంటే మీరు ఆ కప్పును గుడ్డ మీదికి తెస్తున్నారంటే, ఆ పూలు పుట్టిన చోటికే తిరిగి వస్తున్నాయి. ఈ మాట తలుచుకుంటే ఈ పని మీద నాకు ఇంకా మమకారం పెరుగుతుంది.

చింట్జ్ కప్పుల మీద కూడా అచ్చు కాగితాలే అతికించారు. పూల షీటును కత్తిరించి కప్పు ఒంటికి చుట్టడం వల్ల అంచు దగ్గర పువ్వు సగానికి తెగిపోతుంది, పిడి దగ్గర రెండు షీట్లు కలిసేచోట పూలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. మీరు కుట్టినప్పుడు ఒక్కో గులాబీని పూర్తిగా, మధ్యలో పెట్టి కుట్టారు. కప్పు మీద ఏ పువ్వూ అలా కుదురుగా కూర్చోదు. అందుకే అది గలీబు అయింది. కాబట్టి మీరు కుట్టిన గుడ్డను పక్కన పడేయకండి. దాని వెనక ఫ్యూజిబుల్ వెబ్ (ఇస్త్రీ వేడికి కరిగి అంటుకునే పల్చటి జిగురు పొర) పెట్టి ఇస్త్రీ చేసి, కప్పు ఆకారంలో కత్తిరించండి. గులాబీలు ఎక్కడ తెగితే అక్కడ తెగనివ్వండి. అంత కష్టపడి కుట్టినదాని మీద కత్తెర పెట్టడానికి చెయ్యి రాదు, నాకు తెలుసు. అయినా చేయండి. తర్వాత పిడిని అదే గుడ్డ నుంచి వేరే ముక్కగా కోసి, పూలు కలవకుండా పెట్టండి. పెడనలో అద్దే చిన్న పూల కలంకారీ గుడ్డ దొరికితే ఇంకో కప్పుకు దాన్ని వాడి చూడండి. కుట్టు తక్కువ, ఫలితం ఎక్కువ.

ఆకారం గురించి కాస్త ఓపిగ్గా చెప్పాలి, ఎందుకంటే సగం పనులు ఇక్కడే చెడతాయి. కప్పు అంచును మనం పైనుంచి చూస్తే గుండ్రంగా, కంటికి సమానంగా పెట్టి చూస్తే గీతలా, మధ్యలో ఎక్కడున్నా కోడిగుడ్డును సాగదీసినట్టు కనబడుతుంది. కంటికి ఎంత కిందకు పోతే ఆ వంపు అంత పెరుగుతుంది. కాబట్టి బల్ల మీద పెట్టిన కప్పుకు పై అంచు కన్నా అడుగు దగ్గర వంపు ఎక్కువ ఉండాలి. చాలామంది పై అంచును వంపుగా గీసి అడుగును స్కేలుతో గీసినట్టు తిన్నగా వదిలేస్తారు, అప్పుడు కప్పు కాగితం మీద కోసి అతికించినట్టు ఉంటుంది. ఫోనులో ఫొటో తీసి దాని మీదే ట్రేస్ చేసేటట్లయితే దగ్గరగా పెట్టి తీయకండి. దగ్గర నుంచి తీస్తే అంచు ఉబ్బుతుంది, అడుగు కుంచించుకుపోతుంది. నాలుగైదు అడుగులు వెనక్కి జరిగి జూమ్ చేసి తీయండి. అన్నిటికన్నా మంచిది వారం రోజులు సూది ముట్టుకోకుండా పెన్సిలుతో గీయడం. హైదరాబాద్ వెళ్ళే పని ఉంటే సాలార్‌జంగ్ మ్యూజియంలో చైనా, జపాన్, యూరప్ పింగాణీ గదుల్లో ఒక పూట గడపండి. ఫొటోలు తీసుకుని వచ్చేయకుండా ఒక్కో వస్తువు ముందు నిలబడి బయటి గీతను మాత్రం గీయండి.

గీత గుడ్డ మీదికి ఎత్తేటప్పుడు ఒక జాగ్రత్త. వేడికి చెరిగిపోయే పెన్నులు ఇప్పుడు అందరూ వాడుతున్నారు. ఇస్త్రీ పెట్టగానే గీత మాయమవుతుంది, కానీ బాగా చలి తగిలితే మళ్ళీ బయటికొస్తుంది. ఇక్కడ చలికాలంలో అదొక పెద్ద తలనొప్పి. నీళ్ళతో పోయే పెన్ను అయితే దానికి ఉల్టా: కడగకముందే ఇస్త్రీ పెడితే గీత అలాగే ఉండిపోవచ్చు. ఏదైనా ముందు పనికిరాని ముక్క మీద చూసుకోండి.

తెలుపు అంతా ఒక తెలుపు కాదు. పింగాణీ పని చేసేవాళ్ళకు ఇది అన్నిటికన్నా ముఖ్యం. సన్నటి బోన్ చైనా ఒక రకం తెలుపు, నాటు మట్టి మీద గ్లేజు పూసిన కప్పు మీగడ రంగు, ఎనామిల్ పళ్ళెం కాస్త నీలి ఛాయ ఉన్న గట్టి తెలుపు. షాపులో కొన్న కొత్త తెల్ల పాప్లిన్ ఈ మూడింటిలో దేనికీ సరిపోదు, కళ్ళలోకి కొడుతుంది. మీగడ రంగుకు ఏళ్ళ తరబడి ఉతికిన పాత ధోవతిని మించింది లేదు. ఎనామిల్ తెలుపుకు పాప్లిన్‌ను బట్టల నీలం ఒక చుక్క కలిపిన నీళ్ళలో ముంచి ఆరేయండి. మెరుపు కావాలంటే కాటన్ శాటిన్ వాడండి, అందులో ఒక కిటుకు ఉంది. ఒకే శాటిన్ గుడ్డను నిలువుగా ఒక ముక్క, అడ్డంగా ఒక ముక్క కోసి పక్కపక్కన పెడితే వెలుతురు వేరువేరుగా పడి రెండు రంగుల్లా కనబడతాయి. కప్పు బయటివైపుకు ఒకటి, లోపలివైపుకు ఇంకొకటి పెడితే చాలు, నీడ కోసం వేరే గుడ్డ వెతకనక్కర్లేదు.

మీ ఊరగాయ జాడిని చూస్తే నాకు ఆశ పుట్టింది, నిజంగా. పైన గోధుమ రంగు, కింద లేత రంగు కదా. ఆ రెండు రంగులూ కలిసే గీతను చూడండి. జాడిని గ్లేజులో ముంచి తీసినప్పుడు పడిన గీత అది, స్కేలు పెట్టినంత తిన్నగా ఉండదు. ఒకవైపు కాస్త కిందికి జారి ఉంటుంది, ఒకచోట చుక్క కారి ఆగి ఉంటుంది. మెడ దగ్గర, అంచు మీద గ్లేజు పల్చబడి లేత ఎరుపు తేలుతుంది, మడతల్లో చేరి నల్లగా కనబడుతుంది. దీనికి గోధుమ రంగు టస్సర్ పట్టు కానీ, కాస్త ముడతలున్న ముతక పట్టు కానీ తీసుకుని, ఆ కలిసే గీత దగ్గర గుర్తు పెట్టుకోకుండా సూది మొనతోనే అంచు లోపలికి మడుస్తూ కుట్టండి. చెయ్యి ఎటు పోతే అటు పోనివ్వండి. అంచు మీద ఎర్రమట్టి రంగు దారంతో ఒకే వరుస కాడ కుట్టు వేయండి. చివరగా భుజం మీద కిటికీ వెలుతురు పడిన చోట తెల్ల ఆర్గంజా (అవతలిది కనబడేంత పల్చటి గుడ్డ) చిన్న ముక్క, కిటికీ ఆకారంలోనే కాస్త వంచి, అతికించి కుట్టండి. ఆ ఒక్క ముక్కతో గుడ్డ జాడి నున్నగా మెరుస్తుంది.

ఎనామిల్ పళ్ళేనికి పెచ్చులూడిన చోట్లే అందం. ఇనుప రేకు మీద గాజు పొడి పూసి, కొలిమిలో కాల్చి కరిగించి పట్టిస్తారు కాబట్టి దెబ్బ తగిలితే ఆ పూత ఊడి కింద నల్లటి ఇనుము బయటపడుతుంది, చుట్టూ తుప్పు రంగు పాకుతుంది. తెల్లగుడ్డ కింద నల్లగుడ్డ పెట్టి, పెచ్చు ఊడిన ఆకారంలో పై గుడ్డను కోసేసి, అంచును లోపలికి మడిచి కుట్టండి. చుట్టూ ఇటుక రంగు దారంతో చిన్న కుట్లు. నీలం అంచుకు గుడ్డను ఏటవాలుగా కోసిన పట్టీ వాడండి. నిలువుగా కోసిన పట్టీ వంపు తిరగదు, ముడతలు పడుతుంది. ఇదే మాట గీతల మగ్గులకూ వర్తిస్తుంది. డెర్బీషైర్‌లోని చర్చ్ గ్రెస్లీలో టి.జి. గ్రీన్ కంపెనీ 1920ల నుంచి తయారుచేసిన నీలం-తెలుపు పట్టీల కార్నిష్‌వేర్ సామాను ఇక్కడ ప్రతి పాత వంటింట్లోనూ ఉండేది. దాన్ని పూర్తిగా నీలం మట్టి నీళ్ళలో ముంచి, లేతు (వస్తువును గిరగిరా తిప్పే యంత్రం) మీద తిప్పుతూ తెలుపు కావాల్సిన చోట నీలాన్ని గీకేసేవారు. దాన్ని కుట్టాలని చాలామంది గీతల గుడ్డ కొని మగ్గు ఆకారంలో కోస్తారు. గీతలు తిన్నగా ఉంటాయి, మగ్గు బల్లపరుపుగా పడుకుంటుంది. ఏటవాలు పట్టీలను ఆవిరి ఇస్త్రీతో వంచి ఒక్కొక్కటిగా పెడితే మగ్గు గుండ్రంగా లేచి నిలబడుతుంది.

అరుగుదలను మర్చిపోకండి. బంగారు అంచు ఉన్న కప్పుల్లో ఆ గీత అంతటా ఒకేలా ఉండదు. పిడి కుడివైపుకు పెట్టి చూస్తే మనవైపు ఉన్న అంచు మీద బంగారం బాగా పోయి ఉంటుంది, తాగిన పెదవులు తగిలింది అక్కడ. పాత పట్టుచీర జరీ పోగును అంచు మీద పెట్టి సన్న దారంతో పట్టి కుడుతూ వచ్చి, సరిగ్గా ఆ చోట ఆపేసి, మళ్ళీ అవతల మొదలుపెట్టండి. పగిలిన చోట్ల గురించి ఒక మాట. పగిలిన ముక్కలను అతికి, ఆ అతుకు మీద బంగారం అద్దే జపాన్ పద్ధతి ఈమధ్య బాగా ప్రచారంలోకి వచ్చి, ప్రతివాళ్ళూ ప్రతి కప్పు మీదా జరీ పగులు కుడుతున్నారు. నాకు అది నచ్చదు. మీ అమ్మమ్మగారి కప్పుకు లేని పగులును పెట్టకండి. ఉంటే, అది ఎలా బాగుచేశారో అలాగే కుట్టండి. మంచి జిగుర్లు రాకముందు ఇంగ్లండ్‌లో పగిలిన పళ్ళేలకు సన్న రంధ్రాలు చేసి లోహపు తీగ ముక్కలు బిగించేవారు. అలాంటి పళ్ళెం దొరికితే పగులుకు అడ్డంగా వెండి దారంతో నాలుగు పొట్టి కుట్లు వేస్తే సరిపోతుంది.

అమ్మే ఉద్దేశం ఉందని చివర్లో రాశారు. మీ ఇంటి జాడి, ఎనామిల్ పళ్ళెం, విల్లో లాంటి పాతకాలపు డిజైన్లతో ఏ టెన్షనూ లేదు. ఇటీవలి కాలపు డిజైనర్ల పనితో మాత్రం జాగ్రత్త. ఉదాహరణకు 1950లలో ఎనిడ్ సీనీ గీసిన హోమ్‌మేకర్ పళ్ళేలు, రిడ్జ్‌వే కంపెనీ తయారుచేసి వూల్‌వర్త్స్ దుకాణాల్లో అమ్మినవి, తెలుపు మీద నలుపుతో కుర్చీలు, బల్లలు, దీపాలు ఉంటాయి. నల్లదారం పనికి అంత చక్కగా సరిపోయే పళ్ళెం ఇంకోటి లేదు, నేర్చుకోవడానికి ఇంట్లో ఎన్నిసార్లయినా కుట్టండి. కానీ బ్రిటన్‌లో కాపీరైటు కళాకారులు పోయాక 70 ఏళ్ళు ఉంటుంది. ఫ్యాక్టరీలో భారీగా తయారైన వస్తువుల డిజైన్లకు 25 ఏళ్ళే అన్న పాత వెసులుబాటును 2016లో ఎత్తేశారు. పాత పళ్ళెమే కదా ఎవరడుగుతారులే అని యథాతథంగా కుట్టి అమ్మకానికి పెట్టకండి. అమ్మకం పేజీలో కంపెనీ పేరు వాడటం కూడా మంచిది కాదు.

ఫ్రేము కట్టేవాళ్ళకు అద్దం గుడ్డకు తగలకుండా మధ్యలో సన్న పట్టీ వేయమని ముందే చెప్పండి. అద్దం ఆనితే జరీ అణిగిపోతుంది, మన దగ్గరి వానాకాలంలో చెమ్మ పట్టి మచ్చలొస్తాయి. గుడ్డను అట్టకు జిగురుతో అతికించనివ్వకండి. వెనకవైపు దారంతో అటూ ఇటూ లాగి కట్టమనండి, వాళ్ళకు రాకపోతే మీరే కట్టి ఇవ్వండి. జాడి పని మొదలుపెట్టాక ఆ కలిసే గీత దగ్గర ఫొటో తీసి ఇక్కడే పెట్టండి, టస్సర్ సరిపోయిందో లేదో చూసి చెప్తాను.